మాక్రో విస్తరణ తర్వాత టోకెన్ అసలు చోటు తెలియాలంటే

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇది. కడపలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మీ బృందం బోరు మోటారు ఆటో స్టార్టర్ల సి కోడును చదివి తప్పులు పట్టే ప్రోగ్రాం రాస్తోంది. ముందు జీసీసీ అనే సి కంపైలర్ చేత ప్రీప్రాసెస్ చేయించి (మాక్రోలు, అంటే కోడుకు పెట్టిన పొట్టి పేర్లు, పూర్తి కోడుగా విస్తరించేలా చేసి), వచ్చిన పాఠాన్ని (టెక్స్టును), కోడు నిర్మాణాన్ని గుర్తించే మీ పార్సర్‌కు ఇస్తున్నారు. తప్పు దొరుకుతోంది, కానీ అది ఉన్న చోటు సరిగా రావడం లేదు. మాక్రో వాడిన చోటల్లా కాలమ్ (వరుసలో ఎన్నో స్థానమో అది) అర్థం లేని సంఖ్యగా వస్తోంది, ఒక్కోసారి వరుస కూడా తప్పుతోంది. విస్తరించిన పాఠాన్ని పాత ఫైలుతో పోల్చి అసలు చోటు రాబట్టే పద్ధతి ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

లేదు. విస్తరించిన పాఠంలో ఆ సమాచారం మిగలదు. ఒకే పేరు ఒకే వరుసలో నాలుగుసార్లు కనిపిస్తే, ఏది మాక్రో శరీరంలోంచి (దాని నిర్వచనంలోని కోడులోంచి) వచ్చిందో, ఏది మాక్రోను పిలిచేటప్పుడు మీరు ఇచ్చిన ఆర్గ్యుమెంటులోంచి వచ్చిందో పాఠాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. స్థానం అనేది టోకెన్ (పేరు, సంఖ్య, గుర్తు లాంటి ఒక్కో కోడు ముక్క) పుట్టినప్పుడే దానికి అంటుకోవాలి, పార్సర్ దాకా దానితోనే నడవాలి. అంటే ప్రీప్రాసెసర్ నుంచి పార్సర్‌కు వెళ్లాల్సింది పాఠం కాదు, టోకెన్లు. మీ డిజైన్‌లో మార్చాల్సింది ఇదొక్కటే. కానీ దీన్ని మారిస్తే చాలా చోట్ల చేయి పెట్టాల్సి వస్తుంది, అందుకే సమాధానం పొడవవుతుంది.

నేను అనంతపురంలో చీనీ తోటల డ్రిప్ వాల్వులు నడిపే కంట్రోలర్లకు కోడు రాస్తాను. అంతకుముందు కంపైలర్ పనిముట్ల మీద పనిచేశాను. మీరు తనిఖీ చేస్తున్న రకం కోడు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు: రిజిస్టర్లన్నీ మాక్రోలే, టైమర్లన్నీ మాక్రోలే, వాల్వుల జాబితా కూడా మాక్రోయే. కాబట్టి మాక్రో స్థానాలను తర్వాత చూసుకుందాంలే అని వదిలేస్తే మీ ప్రోగ్రాం సగం హెచ్చరికలను తప్పు చోట చూపిస్తుంది. వాడేవాళ్లు రెండోసారి దాన్ని తెరవరు.

పాఠం ద్వారా నడిచే పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో చెబితే దాని హద్దులు అర్థమవుతాయి. సి భాషకు ప్రీప్రాసెసర్ 1972–73 ప్రాంతంలో చేరింది. మొదట్లో అది మరో ఫైలును చేర్చడం, ఒక పేరును పాఠంతో మార్చడం మాత్రమే చేసేది. ఆర్గ్యుమెంట్లు ఉన్న మాక్రోలు, షరతులతో కోడును చేర్చడం మైక్ లెస్క్, ఆ తర్వాత జాన్ రైజర్ చేతుల్లో వచ్చాయని సి భాష సృష్టికర్త డెనిస్ రిచీ స్వయంగా రాశారు. అప్పట్లో అది భాషలో భాగం కాదు, అవసరమైతే పిలుచుకునే పక్క పనిముట్టు. పాఠం లోపలికి, పాఠం బయటికి. 1989లో సి భాష ప్రమాణం వచ్చాక మాక్రో విస్తరణ పాఠం మీద కాకుండా టోకెన్ల మీద జరిగే పని అని స్థిరపడింది. కానీ జీసీసీలో ‘-ఇ’ అనే ఐచ్ఛికం (ఆప్షన్) ఇస్తే ఇప్పటికీ పాఠమే బయటికి వస్తుంది. మీరు చదువుతున్నది ఆ పాఠాన్నే.

ఆ పాఠంలో స్థానం గురించి మిగిలే ఒకే ఒక్క ఆనవాలు వరుస గుర్తులు. హ్యాష్ గుర్తు, ఖాళీ, వరుస సంఖ్య, కొటేషన్లలో ఫైలు పేరు, ఆ తర్వాత జెండాలు. జెండా 1 అంటే కొత్త ఫైలులోకి ప్రవేశం, 2 అంటే చేర్చిన ఫైలు ముగిసి పాతదానికి తిరిగిరావడం, 3 అంటే సిస్టమ్ హెడర్ (సిస్టమ్‌తో పాటు వచ్చే, కోడులో చేర్చుకునే ఫైలు), 4 అంటే అందులోని పాఠాన్ని సి కోడుగానే చూడాలని. ఇవి తర్వాతి వరుస ఏ ఫైలులో ఎన్నో వరుసో చెబుతాయి. అంతే. కాలమ్ గురించి ఒక్క ముక్క చెప్పవు. టోకెన్ల మధ్య ఖాళీలు కుదించుకుపోతాయి, మాక్రో విస్తరణ మొత్తం ఒకే వరుసలో పరుచుకుంటుంది, నాలుగు వరుసల్లో రాసిన పిలుపు కలిసిపోతుంది. మీకు వరుస సంఖ్య ఉజ్జాయింపుగా తెలిస్తే చాలనుకుంటే ఈ గుర్తుల్ని చదువుకుని ఇక్కడితో ఆపవచ్చు. అందులో తప్పేమీ లేదు. ‘-పి’ ఐచ్ఛికం మాత్రం ఇవ్వకండి, అది ఈ గుర్తులను కూడా తీసేస్తుంది.

కాలమ్ కావాలంటే లెక్సర్ (అక్షరాలను టోకెన్లుగా విడగొట్టే భాగం) మీరే రాసుకోవాలి. అక్కడ మాక్రోల కంటే ముందే వచ్చే చిక్కు ఒకటుంది. ప్రమాణం ప్రకారం అనువాదం దశలవారీగా సాగుతుంది. రెండో దశలో వరుస చివర వెనుక గీత ఉంటే ఆ వరుస కింది వరుసతో కలిసిపోతుంది. మూడో దశలో పాఠం టోకెన్లవుతుంది, వ్యాఖ్య ఒక ఖాళీగా మారుతుంది. నాలుగో దశలో మాక్రోలు విస్తరిస్తాయి. చాలామంది విద్యార్థులు మొదటి రెండు దశలను ముందుగానే పాఠం మీద నడిపి, శుభ్రం చేసిన పాఠాన్ని లెక్సర్‌కు ఇస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. ముడి ఫైలును బైట్ల వరుసగా అలాగే ఉంచండి. లెక్సర్ అక్షరం చదివేటప్పుడే వెనుక గీత, కొత్త వరుస జంటను దాటుకుంటూ పోవాలి. టోకెన్‌లో నిలవాల్సింది ముడి ఫైలులోని ఆఫ్‌సెట్ (ఫైలు మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరమో అది), ముడి ఫైలులో అది ఆక్రమించిన పొడవు. ఈ పొడవు, టోకెన్ పేరు పొడవు ఒకటే కానక్కర్లేదు. ఒక పేరు మధ్యలో వరుస విరిగితే ఆక్రమించిన చోటు రెండు బైట్లు ఎక్కువ ఉంటుంది, విండోస్‌లో రాసిన ఫైలైతే మూడు.

ఇప్పుడు అసలు విషయం. ఈ కోడు చూడండి. పేర్లు తెలుగులో రాశాను. ఇప్పటి కంపైలర్లు పేర్లలో తెలుగు అక్షరాలను ఒప్పుకుంటాయి, జీసీసీలో 10వ వెర్షన్ నుంచి నేరుగా రాయవచ్చు.

#డిఫైన్ హెచ్చు(అ, ఆ) ((అ) > (ఆ) ? (అ) : (ఆ))

సమయం = హెచ్చు(వాల్వు.నిమిషాలు, పంపు->కనీసం);

మొదటి వరుస మోటారు.హెచ్ అనే హెడర్‌లో ఉంది, రెండోది ముఖ్యం.సి లో ఉంది. ఇందులో రెండు రకాల తప్పులు రావచ్చు. ‘పంపు’ పాయింటర్ కాకపోతే బాణం గుర్తు దగ్గర తప్పు. అది మీరు రాసిన ఆర్గ్యుమెంటులో ఉంది. ‘నిమిషాలు’ సంఖ్య, ‘కనీసం’ పాయింటర్ అయితే పోల్చే గుర్తు ‘>’ దగ్గర తప్పు. ఆ గుర్తు ముఖ్యం.సి లో ఎక్కడా లేదు, హెడర్‌లో ఉంది. కానీ హెడర్‌లో తప్పేమీ లేదు! పిలిచిన చోట ఇచ్చిన విలువల్లోనే ఉంది.

అందువల్ల విస్తరణలోంచి వచ్చిన ప్రతి టోకెన్‌కూ రెండు స్థానాలుంటాయి. దాని అక్షరాలు నిజంగా ఎక్కడ రాసి ఉన్నాయో అది రాత స్థానం. ఏ పిలుపు వల్ల అది ఇక్కడికి వచ్చిందో అది పిలుపు స్థానం. దరఖాస్తులో శాశ్వత చిరునామా, ప్రస్తుత చిరునామా అని రెండు గడులు ఉంటాయి కదా, ఒకటి నింపి రెండోది వదిలేస్తే ఫారం తిరిగొస్తుంది. ఇక్కడా అంతే. రాత స్థానం మాత్రమే దాచుకుంటే అన్ని తప్పులూ హెడర్‌లోనే కనిపిస్తాయి. పిలుపు స్థానం మాత్రమే దాచుకుంటే విస్తరణలోని టోకెన్లన్నింటికీ ఒకే చోటు వస్తుంది, ఏ ఆర్గ్యుమెంటులో తప్పుందో చెప్పలేరు.

పై ఉదాహరణలో మరో సంగతి గమనించండి. ‘ఆ’ శరీరంలో రెండుసార్లు ఉంది కాబట్టి బాణం గుర్తు విస్తరణలో రెండుసార్లు వస్తుంది. రెండింటికీ రాత స్థానం ఒకటే, పిలుపు కూడా ఒకటే. అయినా అవి రెండు వేర్వేరు టోకెన్లు. మీ తనిఖీ ఒకే హెచ్చరికను రెండుసార్లు ఇవ్వకుండా చూడాలంటే రాత స్థానం చూసి కలపాలి. ఒకే విలువను రెండుసార్లు లెక్కిస్తున్నారని చెప్పే తనిఖీ రాస్తే (ఆర్గ్యుమెంటులో ‘++’ ఉంటే అది చాలా ఉపయోగకరమైన తనిఖీ) రెండింటినీ వేరుగా చూడగలగాలి. కాబట్టి మూడో గుర్తింపు కూడా అవసరం: ఈ టోకెన్ ఈ విస్తరణలో ఎన్నోది.

ఇవన్నీ టోకెన్‌లోనే పెడితే? ఫైలు, వరుస, కాలమ్ రెండేసి చొప్పున, మళ్లీ లోపలి మాక్రోల గొలుసు. టోకెన్ బరువెక్కిపోతుంది, పార్స్ చెట్టులోని ప్రతి కొమ్మా బరువెక్కుతుంది. పెద్ద కంపైలర్లు దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది, మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట కూడా అదే. టోకెన్‌లో ఒకే ఒక సంఖ్య ఉంచండి. వరుస, కాలమ్, ఫైలు పేరు ఏవీ ముందుగా లెక్కకట్టకండి. ఆ సంఖ్యను విప్పడానికి పక్కన ఒక పట్టిక పెట్టుకోండి. లక్షల టోకెన్లలో తప్పు చూపేది ఏ పదింటి మీదో. లెక్క ఆ పదింటికే చేస్తే చాలు.

క్లాంగ్ అనే మరో సి కంపైలర్‌లో ఆ సంఖ్య 32 బిట్లు. పై బిట్ ఇది మాక్రోలోంచి వచ్చిందా కాదా అని చెబుతుంది, మిగిలిన 31 బిట్లు ఒక ఊహా జాగాలో ఆఫ్‌సెట్. చదివిన ప్రతి ఫైలుకూ ఆ జాగాలో దాని పొడవంత భాగం కేటాయిస్తారు. ప్రతి మాక్రో విస్తరణకూ అలాగే కొత్త భాగం కేటాయిస్తారు, నిజంగా అక్కడ ఏ పాఠమూ లేకపోయినా. చిన్న లెక్కతో చూద్దాం. ముఖ్యం.సి కి 1 నుంచి 5000 దాకా, మోటారు.హెచ్ కి 5001 నుంచి 5800 దాకా ఇచ్చామనుకోండి. హెడర్‌లో హెచ్చు మాక్రో శరీరం 5120 దగ్గర మొదలవుతుంది. దాని పొడవు 31 బైట్లు. ముఖ్యం.సి లో పిలుపు 2310 దగ్గర మొదలవుతుంది. ఈ పిలుపును విస్తరించేటప్పుడు 5801 నుంచి 5831 వరకు కొత్త భాగం తీసుకుని, పట్టికలో ఒక ఎంట్రీ రాస్తాం:

మొదలు: 5801
రాత మొదలు: 5120
పిలుపు మొదలు: 2310
పిలుపు చివర: ముగింపు బ్రాకెట్టు స్థానం
రకం: శరీరం

శరీరంలో ‘>’ గుర్తు మొదటి నుంచి 7 బైట్ల దూరంలో ఉంది. కాబట్టి విస్తరణలో దాని స్థానం 5808. తర్వాత ఎప్పుడో పార్సర్ 5808 దగ్గర తప్పు అంటే, పట్టికలో ద్విభాగ శోధన (బైనరీ సెర్చ్) చేసి 5801 ఎంట్రీని పట్టుకుంటాం. తేడా 7. రాత స్థానం 5120 + 7 = 5127, అంటే హెడర్‌లో. పిలుపు స్థానం 2310, అంటే ముఖ్యం.సి లో. శరీరంలోని టోకెన్లు ఎన్ని ఉన్నా ఎంట్రీ ఒక్కటే, ఎందుకంటే వాటి మధ్య దూరాలు నిర్వచనంలో ఉన్నట్టే నిలుస్తాయి. శోధన వేగం గురించి బెంగపడకండి. కిందటిసారి దొరికిన ఎంట్రీని గుర్తుంచుకుని ముందు అందులో చూస్తే, ఎక్కువసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఆర్గ్యుమెంటు టోకెన్లకు వేరే ఎంట్రీ కావాలి, ఎందుకంటే వాటి అక్షరాలు నిర్వచనంలో లేవు. శరీరంలో పారామీటరు (ఆర్గ్యుమెంటు కోసం ఉంచిన ‘అ’, ‘ఆ’ లాంటి పేరు) కనిపించిన ప్రతిచోటా కొత్త భాగం, 5832 నుంచి మొదలుపెట్టి. ఇందులో రాత మొదలు ముఖ్యం.సి లో ఆర్గ్యుమెంటు రాసిన చోటు. పిలుపు మొదలు మాత్రం 2310 కాదు, శరీరంలో పారామీటరు కూర్చున్న చోటు, అంటే 5801 భాగంలోని ఒక సంఖ్య. చాలామందికి తికమక ఇక్కడే, కొంచెం ఆగి చూడండి. ‘ఆ’ అనే పారామీటరు స్థానంలోకి ఈ టోకెన్లు వచ్చాయి, ఆ పారామీటరు 2310 దగ్గరి పిలుపు వల్ల వచ్చింది. గొలుసులో రెండు అంచెలు. అంచెను తగ్గించి నేరుగా 2310 రాస్తే మొదట్లో అంతా బాగానే కనిపిస్తుంది, మాక్రోలో మాక్రో వచ్చేసరికి ఏ పారామీటరు ద్వారా వచ్చిందో పోతుంది. క్లాంగ్ ఈ రకం ఎంట్రీని గుర్తించడానికి పిలుపు చివరను ఖాళీగా వదిలేస్తుంది. మీరు రకం అని ఒక గడి పెట్టుకోండి, చదవడానికి తేలిక.

జీసీసీ దారి కొంచెం వేరు. అందులో మామూలు స్థానాలు సంఖ్యల జాగాలో కిందినుంచి పైకి, మాక్రో స్థానాలు పైనుంచి కిందికి పెరుగుతాయి. ప్రతి విస్తరణకూ ఒక పటం. విస్తరణలో ఉన్న ప్రతి టోకెన్‌కూ పటంలో రెండేసి స్థానాలు: టోకెన్ ఎక్కడినుంచి వచ్చిందో ఒకటి, నిర్వచనంలో ఏ చోట కూర్చుందో ఇంకొకటి. మెమరీ ఎక్కువ తింటుంది కానీ రాయడం సులువు. మీ ప్రాజెక్టుకు నేనైతే జీసీసీ పద్ధతినే ఎంచుకుంటాను. స్టార్టర్ కోడు ఎంత పెద్దదైనా ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ అంత ఉండదు కదా.

గొలుసు మీద నడిచే ఫంక్షన్లు మూడు రాసుకోవాలి. రాత స్థానం వైపే నడిచి నిజమైన ఫైలు చేరేది మొదటిది. పిలుపు వైపే నడిచి నిజమైన ఫైలు చేరేది రెండోది. మూడోది అసలు ఎక్కువగా వాడేది: ఆర్గ్యుమెంటు ఎంట్రీ అయితే రాత వైపు, శరీరం ఎంట్రీ అయితే పిలుపు వైపు ఒక్కో అంచే నడుస్తుంది. ఎందుకంటే మనిషికి చూపించాల్సింది అతను తన చేత్తో రాసిన చోటు. బాణం గుర్తు తప్పుకు ఆ ఫంక్షన్ ‘పంపు->కనీసం’ లోని బాణాన్నే చూపుతుంది. ‘>’ తప్పుకు ‘హెచ్చు’ అనే పేరును చూపుతుంది. ఆర్గ్యుమెంటు ముందుగా విస్తరించి ఆ తర్వాతే శరీరంలో కూర్చుంటుందని ప్రమాణం చెబుతుంది కనుక, ఆర్గ్యుమెంటు టోకెన్ రాత స్థానం కూడా మాక్రో స్థానమే కావచ్చు. అందుకే ఒక్క అడుగుతో ఆపకూడదు, నిజమైన ఫైలు వచ్చేదాకా నడవాలి.

హెచ్చరిక ముద్రించేటప్పుడు ఆ మూడో ఫంక్షన్ ఇచ్చిన చోటు ప్రధాన వరుసగా, కింద ‘ఈ మాక్రో విస్తరణలో’ అంటూ నిర్వచనాన్ని అనుబంధంగా చూపండి. గొలుసు పొడవైతే మధ్యలో కత్తిరించండి. క్లాంగ్ మామూలుగా ఆరు అంచెలకు మించి చూపదు, అదే ఎక్కువ. ఒక వాక్యం కింద గీత గీయాలంటే ఇంకో చిక్కు: వాక్యం మొదలు ఆర్గ్యుమెంటులో, చివర శరీరంలో ఉండవచ్చు. రెండు చివరలనూ విడివిడిగా ఫైలులోకి విప్పితే గీత హెడర్‌లో మొదలై ముఖ్యం.సి లో ముగుస్తుంది! రెండింటి గొలుసులనూ వెనక్కి నడిచి, ఉమ్మడిగా కలిసే మొదటి భాగాన్ని పట్టుకుని, గీతను అందులోనే గీయాలి. ఆ ఉమ్మడి భాగం దొరక్కపోతే గీత మానేసి బాణం ఒక్కటే పెట్టండి.

సిస్టమ్ హెడర్ల విషయంలో పప్పులో కాలు వేయడం సులువు. ‘సిస్టమ్ హెడర్లో ఉన్న టోకెన్‌కు హెచ్చరిక వద్దు’ అని నియమం రాస్తారు, రాత స్థానం చూస్తారు. ఏ చిరునామానూ చూపని పాయింటర్‌కు వాడే ‘నల్’ మాక్రో సిస్టమ్ హెడర్లోనే రాసి ఉంటుంది. మీ విద్యార్థి మిత్రుడు మోటారు వేగానికి నల్ ఇచ్చినా మీ ప్రోగ్రాం నోరు మెదపదు. కాబట్టి ముందు ఆ టోకెన్ ఎలా వచ్చిందో చూడాలి. మొత్తం మాక్రో ఒకే టోకెన్‌గా విస్తరించి వాడుకరి కోడులో నిలబడితే, పిలుపు స్థానంతో తీర్పు చెప్పాలి.

అతికింపు గుర్తు, అంటే రెండు హ్యాష్‌లు. డ్రిప్ కోడులో వాల్వుల జాబితా ఒక మాక్రోలో పెట్టి, దాన్నే మూడుచోట్ల మూడు విధాలుగా విస్తరించడం మామూలు: ఒకచోట వాల్వులకు వరుస సంఖ్యలిచ్చే పేర్లు, ఇంకోచోట ఫంక్షన్ల పట్టిక, మరోచోట ప్రదర్శన పేర్లు. ‘తెరువు_’ అనే ముక్కకూ ‘గట్టు’ అనే ముక్కకూ అతికింపు జరిగితే ‘తెరువు_గట్టు’ అనే టోకెన్ పుడుతుంది. దీని అక్షరాలు ఏ ఫైలులోనూ వరుసగా లేవు. రాత స్థానం ఏమివ్వాలి? క్లాంగ్ ఇలాంటివన్నీ ఒక చిత్తు బఫర్‌లో రాసుకుని అక్కడి స్థానం ఇస్తుంది. అదే చేయండి. కానీ ఆ చిత్తు బఫర్‌ను వాడుకరికి ఎప్పుడూ చూపకండి. అతికించిన ముక్కల్లో ఆర్గ్యుమెంటు నుంచి వచ్చినదాని స్థానాన్ని అదనంగా దాచుకుని దాన్ని చూపండి. జాబితాలో ‘గట్టు’ అని తప్పు రాసింది ఎవరైనా అక్కడే వెతుక్కుంటారు. క్లాంగ్ కూడా ఇంత దూరం వెళ్లదు, కానీ ఈ రకం కోడుకు ఇది చాలా కలిసొస్తుంది. ఒక్క హ్యాష్‌తో కొటేషన్లలోకి మారిన టోకెన్‌కూ ఇదే పద్ధతి.

మీ ప్రోగ్రాం తప్పును తానే సరిదిద్దే సదుపాయం కూడా ఉందని రాశారు. మాక్రో స్థానం ఉన్న టోకెన్‌ను ఎప్పుడూ సరిదిద్దకండి. శరీరంలో ఒక బ్రాకెట్టు మారిస్తే ఆ మాక్రో వాడిన ప్రతిచోటా ప్రవర్తన మారుతుంది, అందులో ఒకటి రైతు పొలంలో నడుస్తున్న మోటారు కావచ్చు. ఆర్గ్యుమెంటులో పూర్తిగా ఇమిడిపోయిన మార్పును మాత్రం అనుమతించవచ్చు, అదీ ఆ ఆర్గ్యుమెంటు విస్తరణలో ఒక్కసారే వచ్చినప్పుడు.

ఒకే హెడర్‌ను రెండుసార్లు చేర్చితే రెండు వేర్వేరు భాగాలు కేటాయించాలి, ఎందుకంటే రెండోసారి అందులోని షరతులు వేరేగా తేలవచ్చు. తర్వాతి వరుసకు వేరే సంఖ్య, ఫైలు పేరు ఇచ్చే ‘#లైన్’ ఆదేశం వచ్చినప్పుడు స్థానాలను మార్చకండి. అది మరో పనిముట్టు పుట్టించిన కోడు కోసం, ముద్రించేటప్పుడు పై పొరగా అన్వయించేది. యాక్ లాంటి పార్సర్ జనరేటర్లు, ‘-ఎస్’ ఐచ్ఛికంతో ఎం4 అనే మాక్రో పనిముట్టు దాన్ని పుట్టిస్తాయి. సవరణ మాత్రం ఎప్పుడూ నిజమైన ఫైలులోనే జరగాలి. వరుస సంఖ్యను ఇచ్చే ‘__లైన్__’ పలు వరుసల పిలుపులో ఏ వరుస ఇవ్వాలన్నది ప్రమాణం కచ్చితంగా తేల్చలేదు, దానిని ఆధారంగా తీసుకుని మీ స్థానాలు సరిచూసుకోకండి.

ఇక కాలమ్. మన వాళ్ల కోడులో తెరమీద చూపే మాటలు, వ్యాఖ్యలు తెలుగులో ఉంటాయి కాబట్టి ఇది మనకు అందరికంటే ముందు తగిలే సమస్య. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 లో ప్రతి తెలుగు సంకేతానికీ (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ఒక్కోదానికీ) 3 బైట్లు. కడప అంటే 3 సంకేతాలు, 9 బైట్లు. కర్నూలు చూడ్డానికి మూడక్షరాలు, లోపల 7 సంకేతాలు, 21 బైట్లు. పైన ‘>’ గుర్తు 7 బైట్ల దూరంలో ఉందన్నాను. పారామీటరు పేరు ఇంగ్లీషు అక్షరమైతే అది 5. లోపల ఎప్పుడూ బైట్లే లెక్కించండి, వరుస మొదలు నుంచి బైట్ల దూరం. కాలమ్‌గా మార్చేది ముద్రించే క్షణంలో మాత్రమే, ఎవరికి ఇస్తున్నారో చూసి. ఎడిటర్లతో మాట్లాడే భాషా సర్వర్ ప్రోటోకాల్ మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్క అడుగుతుంది, అందులో ప్రతి తెలుగు సంకేతమూ ఒక యూనిట్. జీసీసీ 11 నుంచి బైట్లలో కావాలా, తెర వెడల్పులో కావాలా అని ఎంచుకునే ఐచ్ఛికం ఉంది. టెర్మినల్లో కింద బాణం గుర్తు పెట్టే విషయంలో మాత్రం తెలుగుకు ఏ లెక్కా పూర్తిగా కుదరదు. ఒత్తులూ గుణింతాలూ ఒక్కో ఫాంటులో ఒక్కో వెడల్పు తీసుకుంటాయి. నా సలహా: ఆ వరుసలో తెలుగు ఉంటే బాణం బదులు తప్పున్న ముక్కను రంగులో చూపండి.

మెమరీ గురించి ఒక మాట. ఈ పూర్తి జాడ ఉచితం కాదు. జీసీసీ 2012లో వచ్చిన 4.7 వెర్షన్‌లో దీన్ని మొదలుపెట్టినప్పుడు మూడు స్థాయిలిచ్చింది: 0 అంటే జాడ వద్దు, 1 అంటే ఒక ఆర్గ్యుమెంటు విస్తరణలోని టోకెన్లన్నింటికీ ఒకే స్థానం, 2 అంటే అన్నీ. ఇప్పుడు మామూలుగా 2 నడుస్తుంది. క్లాంగ్‌లో 31 బిట్ల జాగా సుమారు 2 గిగాబైట్లు, మాక్రోలను విపరీతంగా వాడే కోడులో అది నిండిపోయిన సందర్భాలున్నాయి. మీకు ఆ బాధ రాదు, వచ్చినా 64 బిట్లు వాడండి.

సమయం తక్కువుంటే ఇవన్నీ సొంతంగా రాయక్కర్లేదు, క్లాంగ్‌ను లైబ్రరీగా ఇచ్చే లిబ్‌క్లాంగ్ తీసుకుంటే పై మూడు ఫంక్షన్లూ సిద్ధంగా ఉంటాయి. అయితే ఇక్కడి పాత స్టార్టర్లలో ఇప్పటికీ 8051 కుటుంబం చిప్పులు కనిపిస్తాయి. వాటి కంపైలర్లు ఒక్కో బిట్‌ను ప్రకటించడానికి సొంత కీలక పదాలు చేర్చుకుంటాయి. క్లాంగ్ వాటిని చూడగానే ఆగిపోతుంది. అలాంటి కోడే మీ గురి అయితే సొంత ప్రీప్రాసెసర్ తప్పదు. మాక్రో తనను తాను మళ్లీ విస్తరించకుండా ఆపే గుర్తును టోకెన్‌లో వేరే గడిలో పెట్టండి. స్థానాల గొలుసు చూసి దాన్ని తేల్చవచ్చని అనిపిస్తుంది, కానీ ఆర్గ్యుమెంటు ముందస్తు విస్తరణలో రెండూ వేర్వేరు దారులు పడతాయి.

పరీక్షకు ఒక పద్ధతి. ప్రతి టోకెన్ రాత స్థానం దగ్గర, అది ఆక్రమించిన పొడవు మేర ముడి ఫైలులో మళ్లీ చదివి, వరుస విరుపులు తీసేసి, టోకెన్ పేరుతో సరిపోల్చండి. అతికించినవి, కొటేషన్లలోకి మారినవి మినహా ఒక్కటి తేడా వచ్చినా లెక్క తప్పినట్టే. ఈ తనిఖీని ప్రోగ్రాంలోనే ఒక ఐచ్ఛికంగా ఉంచి, మీ దగ్గరున్న కోడంతటి మీదా నడపండి. ముందు మాక్రోలు లేని ఫైలు, తర్వాత వెనుక గీతలతో విరిగినది, ఆ తర్వాత హెచ్చు(హెచ్చు(అ, ఆ), ఇ) లాంటిది. ఈ మూడో రకం దగ్గర ఏదైనా తేడా వస్తే ఆ కోడు, మీ ఎంట్రీల పట్టిక రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.